మిర్యాము చేతిలో ఉన్నది తప్పెటే

(పల్లె చర్చిల్లో పాట నడిపించే యువకులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వాళ్ళకు కలిపి పెట్టిన ఒక రోజు శిక్షణలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం. - సం.)

పెద్దలకు, అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు, గిటారు భుజాన వేసుకొని వచ్చిన తమ్ముళ్ళకు వందనాలు. జై భీమ్.

ఒక్క నోటితోనే రెండూ చెప్పాను. కొంతమంది పాస్టర్లకు రెండోది నచ్చదు. కొంతమంది ఉద్యమం వాళ్ళకు మొదటిది నచ్చదు. నేను పుట్టింది మాదిగపల్లెలో, పెరిగింది ఆ పల్లె చర్చిలో. ఈ రెంటిలో ఏదో ఒకటి గుమ్మం బయట విడిచి రమ్మంటే సగం మనిషినే లోపలికి వస్తాను. అందుకని రెండూ పట్టుకునే వచ్చాను.

‘వర్షిప్ ఎలా నడిపించాలి’ అనే సంగతి మాట్లాడమని పిలిచారు. మా చిన్నప్పుడు ఈ మాట లేదు. ‘పాట ఎత్తటం’ అనేవాళ్ళం. ఒకరు ఎత్తేవాళ్ళు, అందరూ అందుకునేవాళ్ళు. ఇప్పుడు వర్షిప్ లీడర్ అంటున్నాం, వర్షిప్ టీమ్ అంటున్నాం. పేరు మారితే నష్టమేమీ లేదు. ఎత్తేవాడు మిగిలి, అందుకునేవాళ్ళు లేకుండా పోతే మాత్రం అది పెద్ద నష్టం. ఇవ్వాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్కే.

నేను చేసిన తప్పు

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా చర్చిలో మొట్టమొదట కీబోర్డు కొనిపించింది నేనే. చందాలు చాలకపోతే సంఘం పేరున అప్పు కూడా చేయించాను. అంతకు ముందు మా చర్చిలో పాట ఎత్తేది మా పెద్దమ్మ. చదువు రాదు. పొద్దున లేస్తే మిరప తోటల్లోకి కూలికి పోయే మనిషి. ఎన్ని కీర్తనలు వచ్చో ఆమెకే లెక్క తెలియదు. పుస్తకం అక్కర్లేదు, కళ్ళు మూసుకుని ఎత్తేది. లాగి పాడేది. ఒక్కో చరణం దగ్గర ఆగి ఏడ్చేది కూడా. ఆమె ఆగితే అందరూ ఆగేవాళ్ళు. ఆమె కదిలితే అందరూ కదిలేవాళ్ళు.

కీబోర్డు వచ్చాక ఆమె లాగుడు నాకు అడ్డమైంది. పెట్టెలో తాళం ముందుకు పోతుంటే ఆమె వెనక ఉండిపోతోంది. ఒక ఆదివారం నేను మైకులోనే అనేశాను: ‘పెద్దమ్మా, కొంచెం ఆపు, బీట్ తప్పుతోంది’ అని. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాతి ఆదివారం నుంచి ఆమె ముందు చాప మీద కూర్చోవటం మానేసింది. తలుపు దగ్గర కూర్చునేది. నోరు తెరవలా. ఆమెతోపాటు ఆమె ఈడు ఆడవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు. నాకది తెలియను కూడా తెలియలా. ఎందుకంటే బాక్సుల్లోంచి నా గొంతు నాకు బ్రహ్మాండంగా వినపడుతోంది. కొన్ని నెలలు పోయాక అడిగాను, ఏం పెద్దమ్మా పాడటం లేదేమని. ‘ఒరే నాయనా, ఆ పెట్టె శబ్దంలో నా నోరు నాకే ఇనపడటంలా. నాకే ఇనపడంది దేవుడికేం ఇనపడిద్దిరా’ అంది.

అప్పటికీ నాకు బుద్ధి రాలా. ఒకరోజు ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. మేము నేర్చుకొచ్చిన కొత్త పాట సగంలో ఉంది. నేను గట్టిగా ఎత్తాను. ఒక్కళ్ళు అందుకోలా. వాళ్ళకు ఆ పాట రాదు. ఆరు వారాల నుంచి పాడుతున్న పాట, సంఘానికి రాదు! వాళ్ళు వింటున్నారంతే. చర్చి అంతా నిశ్శబ్దం. అప్పుడు తలుపు దగ్గర్నుంచి పెద్దమ్మ ఒక పాత కీర్తన ఎత్తింది. రెండో చరణానికల్లా గోడకు ఆనుకుని కూర్చున్న ముసలాళ్ళు కూడా అందుకున్నారు. మధ్యలో కరెంటు వచ్చింది. కీబోర్డు పిల్లోడు గబగబా ఆ శృతి వెతికాడు. దొరకలా. పెద్దమ్మ శృతి రెండు మెట్ల మధ్యన ఉంది.

ఆమెకు నేను క్షమాపణ చెప్పుకోలేదు. చెప్పుకుందాం అనుకునే లోపే పోయింది. అందుకనే పిలిచిన చోటికల్లా వెళ్ళి మీకు చెప్తున్నాను.

ఎక్కడి పాటైనా సరే, వంగాలి

మన చర్చిలు ఎట్లా పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒంగోలు ప్రాంతంలో ఈ పనిని మొదలుపెట్టిన వాళ్ళలో ముందు వరసలో ఉన్నవాడు యెర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. దొర పక్కన తర్జుమా చేసే మనిషిగా కాదు, తానే పల్లె పల్లెకూ నడిచి తన జనానికి చెప్పాడు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. బడి గుమ్మం తొక్కనివ్వని జనం. పుస్తకం చదివి నమ్మినవాళ్ళు కాదు. చెవితో విన్నారు, నోటితో పట్టుకున్నారు. మన చర్చికి పునాది ఆ నోరు. ఆ నోరు మూయించే వర్షిప్ ఎంత కొత్తదైనా మనకు పనికిరాదు.

అయితే పాత కీర్తనలన్నీ మనవీ, కొత్త పాటలన్నీ పరాయివీ అని నేను అనటం లేదు. అది అబద్ధం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పెద్ద పేరు పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890 దాకా బతికాడు. బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. మాటల్లో సంస్కృతం బరువు ఉంటుంది. మా పెద్దమ్మకు ఆ రాగం పేరు తెలుసా? తెలియదు. కొన్ని మాటలకు అర్థం కూడా తెలియదు. అయినా ఆమె ఆ కీర్తనను పట్టుకుని, విరిచి, సాగదీసి, నాట్లు వేసేటప్పుడు పాడుకునే బాణీ కలిపి తనది చేసుకుంది. మన అమ్మలు నూరేళ్ళకు పైగా చేసిన పని ఇదే. అగ్రహారం నుంచి వచ్చిన పాటను పల్లెకు తగినట్టు వంచారు.

ఇప్పటి పాటలు పట్నం స్టూడియోల నుంచి వస్తున్నాయి. కొన్ని ఆస్ట్రేలియా, అమెరికా పాటలకు తెలుగు మాటలు తొడిగి వస్తున్నాయి. రానివ్వండి. ఎక్కడి పాటైనా రావొచ్చు. తేడా ఎక్కడుందంటే, కీర్తన వంగింది, ట్రాక్ వంగదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టిన ట్రాక్ ముసలమ్మ ఊపిరి కోసం ఆగదు. ఏడుపొస్తే ఆగదు. ఇంకో రెండుసార్లు ఆ చరణమే పాడుకుందాం అంటే ఒప్పుకోదు. పాట మనిషి వెనక నడవాలా, మనిషి పాట వెనక పరుగెత్తాలా?

తమిళనాడులో థియోఫిలస్ అప్పావు అనే దళిత పాస్టరు ఉండేవాడు. 1940లో పుట్టి 2005లో పోయాడు. మదురైలోని వేదాంత కళాశాలలో పాఠం చెప్పేవాడు. శాస్త్రీయ సంగీతం కాదు, పల్లె జానపదమే మన ఆరాధనకు తగిన సంగీతమని వాదించాడు. వాదించి ఊరుకోలా, పల్లె బాణీల్లో ఆరాధన క్రమమే రాశాడు. ఆయన చెప్పిన కారణం మనం మనసులో పెట్టుకోవాలి. జానపదాన్ని పాడేవాడు మార్చుకోవచ్చు. కొత్త చరణం కట్టుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్చుకునే హక్కు ఉన్న చోటే మనిషికి తన మాట చెప్పుకునే హక్కు ఉంటుంది. అందరూ కలిసి వండుకుని ఒక్క కుండలోంచి తినటం కూడా ఆయన ఆరాధనలో భాగమే.

తప్పెట సంగతి

ఇప్పుడు అసలు గొడవలోకి వస్తాను. చర్చిలోకి డ్రమ్స్ వచ్చాయి, ప్యాడ్ వచ్చింది, డోలక్ ఎప్పటి నుంచో ఉంది. డప్పు రావటానికి మాత్రం చాలా చోట్ల ఇప్పటికీ ఒప్పుకోరు. ‘అది దయ్యాల వాయిద్యం, జాతరది, చావుది’ అంటారు. తోలు తోలే కదా? డోలక్‌కీ తోలే, డప్పుకీ తోలే. డోలక్ పరిశుద్ధం, డప్పు అపవిత్రం ఎట్లా అయింది? వాయిద్యానికి కాదయ్యా మైల, దాన్ని పట్టుకున్న చేతికి అంటగట్టిన మైల అది. ఊరి మనువు చర్చిలోకి చెప్పులు విడిచి, బైబిలు పట్టుకుని వచ్చాడు.

బైబిలు సంగతే చూద్దాం. నిర్గమకాండం పదిహేనో అధ్యాయం తీయండి. బానిసత్వం నుంచి బయటపడ్డ జనం సముద్రం దాటారు. అహరోను అక్క మిర్యాము వాయిద్యం చేతబట్టి పాట ఎత్తింది. ఆడవాళ్ళంతా ఆమె వెంట వాయిస్తూ నాట్యం చేస్తూ వెళ్ళారు. బైబిల్లో విడుదల పొందిన జనం చేసిన మొదటి ఆరాధన అది. నడిపించిన వాళ్ళలో ఒకతె ఆడమనిషి. ఆమె చేతిలో ఉన్నదేమిటి? మన తెలుగు బైబిల్లో ‘తంబుర’ అని ఉంటుంది. తంబుర అంటే మనకు తెలిసింది తీగెల వాయిద్యం, కచేరీల్లో శృతి కోసం పట్టుకునేది. దాన్ని పట్టుకుని ఎవరైనా వీధిలో నాట్యం చేస్తారా? హెబ్రీలో అక్కడున్న మాట ‘తోఫ్’. గుండ్రటి చట్రానికి ఒక పక్క తోలు బిగించి చేత్తో పట్టుకుని వాయించేది. ఆ దేశాల్లో ఎక్కువగా ఆడవాళ్ళే వాయించేవాళ్ళు. చట్రం, దానికి ఒక పక్క తోలు, చేతిలో పట్టు. నేను చెప్పకముందే మీకు అర్థమైంది.

ఇంకో తమాషా చూడండి. 81వ కీర్తన రెండో వచనంలో కూడా హెబ్రీలో అదే మాట ఉంది. అక్కడ మన తెలుగు బైబిలు ‘గిలక తప్పెట’ అంది! మరి మిర్యాము దగ్గరకు వచ్చేసరికి అదే తప్పెట తంబుర ఎట్లా అయింది? తర్జుమా చేసినవాళ్ళ మనసులో ఏముందో మనకు అక్కర్లేదు. మనకు కావాల్సింది ఒక్కటే. తెలంగాణలో డప్పు అన్నా, సీమలో పలక అన్నా, మా వైపు తప్పెట అన్నా, మిర్యాము చేతిలో ఉన్నది దాని చుట్టమే. ఈసారి ఎవరైనా డప్పుకు బైబిల్లో చోటు లేదంటే ఈ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

అయితే మన పెద్దవాళ్ళు కొందరు డప్పు వద్దంటారు. వాళ్ళను ఎగతాళి చెయ్యొద్దు. వాళ్ళ మాట వేరు. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర కొత్త విశ్వాసులకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మూడో షరతుతో ఊరి జాతరలో తప్పెట కొట్టటం ఆగిపోయింది. కరణాలూ పెద్దకాపులూ ఊరుకుంటారా? నీళ్ళు బంద్ చేశారు, సరుకులు బంద్ చేశారు, కొట్టారు, కేసులు పెట్టారు. అయినా మన తాతలు తప్పెట ముట్టుకోలేదు. అది డప్పును అసహ్యించుకోవటం కాదు. వెట్టిని కాదనటం. నీ ఇంటి చావుకీ, నీ ఊరి జాతరకీ కబురు పెడితే వచ్చి కూలి లేకుండా కొట్టే పని మాది కాదని చెప్పటం. 137వ కీర్తనలో చెరపట్టినవాళ్ళు మాకొక పాట పాడమని అడిగితే యూదులు తమ సితారాలు చెట్లకు తగిలించారు. మన తాతలు చేసింది కూడా అదే సమ్మె.

తాత తప్పెట కింద పెట్టాడు. మనవడు 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పేరుతో దాన్నే పైకెత్తాడు. ముప్పై ఏళ్ళు కొట్టాడు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకునేదాకా కొట్టాడు. తాతదీ మనవడిదీ ఒక్కటే ఆత్మగౌరవం. ఒకాయన దొర వాకిట్లో కొట్టనన్నాడు, ఇంకొకాయన తన కోసం తాను కొట్టుకున్నాడు. మన ఇంట్లో, మన దేవుడి ముందు, మన ఇష్టంతో కొట్టుకుంటే అది వెట్టి ఎట్లా అవుతుంది? ఈ మాట పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నిదానంగా చెప్పండి. ఒప్పుకునే దాకా ఆగండి. బలవంతాన డప్పు తెచ్చి వాళ్ళ ముందు మోగించొద్దు.

ఒక జాగ్రత్త. ‘మాదిగ పిల్లోడివి కదా, డప్పు నువ్వు తీసుకో, గిటారు వాడికివ్వు’ అన్నారంటే చర్చిలో మళ్ళీ కులవృత్తి పెట్టినట్టే. మాల పిల్లోడు సిర్ర, సిటికెన పుల్ల పట్టటం నేర్చుకోవాలి. మాదిగ పిల్ల కీబోర్డు నేర్చుకోవాలి. మా వైపు బాప్టిస్టు అంటే మాదిగ, లూథరన్ అంటే మాల అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒకే ఊళ్ళో రెండు గంటలు, రెండు శిలువలు. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉండొచ్చు, వాదించుకోవచ్చు. నెలకొక ఆదివారం రెండు చర్చిల పాట బృందాలూ కలిసి పాడటానికి ఆ వాదం అడ్డం రానక్కర్లేదు.

శృతి, శబ్దం, మైకు

ఇక పని మాటలు చెప్తాను. తమ్ముళ్ళు రాసుకోండి.

శృతి. యూట్యూబ్‌లో పాడినాయన గొంతు గొప్పది. ఆయన శృతిలోనే మీరూ ఎత్తితే చరణం పైకి పోయేసరికి ఆడవాళ్ళు ఆగిపోతారు, మగవాళ్ళు కింద గొంతుకు పడిపోతారు. పాట ఎంచుకున్నాక శనివారం సాయంత్రం అన్నిటికన్నా పై స్వరం ఉన్న వరస ఒక పెద్దామె చేత పాడించండి. ఆమె మెడ నరాలు బిగుసుకుంటే రెండు మూడు మెట్లు దించండి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఉన్నది దీనికే. మీ గొంతుకు తగ్గ శృతి కాదు, సంఘానికి తగ్గ శృతి.

శబ్దం. నలభై మంది కూర్చునే రేకుల షెడ్డుకు పెళ్ళి బాక్సులెందుకు? పాట నడుస్తుంటే ఒకసారి మైకు దించి, జనం మధ్యలోకి వెళ్ళి నిలబడండి. పక్క మనిషి గొంతు మీకు వినపడాలి. వినపడకపోతే శబ్దం ఎక్కువైనట్టే. ఇందులో ఇంకో సంగతి ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయటికి వినపడేట్టు పెట్టకూడదు. ఇళ్ళున్న చోట పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. గుడి మైకుకూ, మసీదు మైకుకూ, మన మైకుకూ ఒకటే చట్టం. కానీ ఫిర్యాదు ముందు ఎవరి మీద వస్తుందో మీకు తెలుసు. ఎదుటివాడికి సాకు ఇవ్వొద్దు. అనుమతి కాగితం చర్చిలో ఉంచుకోండి.

నేర్పటం. కొత్త పాట ఆరాధనలో మొదటిసారి వినిపించొద్దు. మొదలయ్యే ముందు పది నిమిషాలు వరస వరసగా చెప్పి, తిరిగి అనిపించి నేర్పండి. గోడ మీద తెర పెట్టి అక్షరాలు వేస్తే చదువు రానివాళ్ళు అక్కడే బయటివాళ్ళయిపోతారు. నెలకు ఒక్క కొత్త పాట చాలు. నెలాఖరుకు వాయిద్యాలన్నీ ఆపి ఆ పాట ఎత్తి చూడండి. సంఘం పాడిందా, మీరు నేర్పినట్టు. పాడలేదా, మీరు ప్రదర్శన ఇచ్చినట్టు.

మైకు. ప్రతి ఆదివారం కనీసం ఒక పాట నలభై ఏళ్ళు దాటిన ఆడమనిషి ఎత్తాలి. ఆమె ఎత్తిన పాటకు వాయిద్యం ఆమె వెనక నడవాలి. ఆమె ఆగితే వాయిద్యం ఆగాలి. ఇది మర్యాద కోసం చెప్పటం లేదు. ఆమె దగ్గర ఉన్న పాటలు ఏ పుస్తకంలోనూ లేని బాణీల్లో ఉన్నాయి. ఆమె పోతే పోతాయి. ఫోన్లో రికార్డు చేసుకోండి, ముందు నేర్చుకోండి.

ఏం పాడుతున్నాం

ఒకసారి మీ పాటల జాబితా చూసుకోండి. నన్ను దీవించు, నన్ను హెచ్చించు, నా శత్రువు ముందు నన్ను నిలబెట్టు. అన్నీ ‘నా’, ‘నన్ను’. ‘మా’ ఎక్కడ? బైబిల్లో 150 కీర్తనలు ఉంటే అందులో ఇంచుమించు మూడో వంతు మొర పెట్టుకునేవే. ఎన్నాళ్ళు ప్రభువా, ఎందుకు ముఖం దాచుకున్నావు అని నిలదీసేవి. మన బృందాల జాబితాలో మొర ఉందా? పొలంలో మందు కొట్టి పడిపోయిన మనిషి ఇంటివాళ్ళు ముందు వరసలో కూర్చుని ఉంటే మనం గంతులేసే పాట ఎత్తుతాం. ఆమె ఏం చెయ్యాలి? చప్పట్లు కొట్టాలా?

1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి చంపారు. బతికినవాళ్ళు చీరాలకు పారిపోయి వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలపల్లె వాళ్ళను వెంటాడి చంపారు. శవాలను ఊరి మధ్యలో పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. చంపబడ్డ వాళ్ళలో క్రైస్తవులున్నారు. ఆ వారాల్లో మన చర్చిల్లో ఏ పాటలు పాడి ఉంటారు? ఉద్యమం ఆ రోజుల్లో ఎన్నో పాటలు కట్టింది. అవి సభల్లో ఉన్నాయి. చర్చి లోపలికి ఎన్ని వచ్చాయి? గద్దె మీద పాడేదొకటి, బలిపీఠం ముందు పాడేదొకటి అని మనిషిని రెండుగా కోసుకున్నాం.

మీరే కట్టండి. కోలాటం బాణీ ఉంది, చెక్కభజన బాణీ ఉంది, ఊయల పాట ఉంది, కలుపు తీసేటప్పుడు అమ్మ పాడే పాట ఉంది. నాలుగు వరసలు చాలు. ఉపాధి హామీ కూలి డబ్బులు రాలేదని దేవుడికి చెప్పుకోవటం తప్పా? నీళ్ళ ట్యాంకు పల్లెకు ఆఖరున వస్తుందని చెప్పుకోవటం తప్పా? మిర్యాము పాటలో గుర్రమూ దాని రౌతూ ఉన్నాయి. ఆమె తన జనానికి జరిగిన సంగతి పాడింది.

ఫోను సంగతి

ఆఖరుగా ఒక్క మాట. ఆరాధన మొత్తం ఫోన్లో తీసి ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నారు. సంతోషం కోసమే పెడుతున్నారు, నాకు తెలుసు. కానీ ముందు వరసలో కూర్చున్న మనిషిని అడిగారా?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో మతం మారిన మాల మాదిగలను బీసీ-సీ కింద రాస్తారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న మనిషికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. చెంపదెబ్బ కొట్టేవాడు బాప్తిస్మం అయిందా లేదా అని అడిగి కొడతాడా? ఈ అన్యాయం మీద పోరాడాల్సిందే. పోరాడుతున్నాం. కానీ ఆ పోరాటం తేలేలోపు ఒక పిల్ల సీటో, ఒకామె వార్డు మెంబరు పదవో మీ వీడియో వల్ల పోకూడదు. ఎవరు ఎంత బయటపడాలో వాళ్ళే నిర్ణయించుకోవాలి. పాడేవాళ్ళ మీద పెట్టండి కెమెరా, వాళ్ళు సరేనంటే. కూర్చున్నవాళ్ళ మీద తిప్పొద్దు. బాప్తిస్మాలు అసలు పెట్టొద్దు.

ఇంటికెళ్ళి చెయ్యాల్సింది

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది పెద్దగా లేదు. వచ్చే శనివారం సాయంత్రం మీ పల్లెలో బాగా పాతబడ్డ గొంతు ఎవరిదో వెతికి వాళ్ళ ఇంటికి వెళ్ళండి. గిటారు తీసుకెళ్ళొద్దు. కింద కూర్చోండి. ఒక పాట ఎత్తమని అడగండి. వద్దంటుంది, గొంతు పోయిందంటుంది. ఇంకోసారి అడగండి. ఆమె ఎత్తాక మీరు అందుకోండి. ఆమె శృతిలో, ఆమె నడకలో. ఆదివారం ఆమెను ముందు చాప మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టండి.

తప్పెట ఉంటే పొయ్యి దగ్గర కాచి తీసుకురండి. లేకపోతే చప్పట్లు చాలు. కీబోర్డు కూడా ఉండనివ్వండి, దానితో నాకు పగలేదు. అప్పు తీర్చింది సంఘమే, అది మనదే. వాల్యూమ్ మాత్రం సగానికి తగ్గించండి. ఆ మిగిలిన సగంలో మన వాడ పాడుతుంది.